పుల్లలు, పూసలు, గింజలతో నేర్పితే పిల్లలకు లెక్కలు నిజంగా వస్తాయా?

మీ అమ్మాయి మూడో తరగతి చదువుతోందని, 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాస్తోందని, "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని బడిలో చెప్పిన పద్ధతి ఒకరోజు గుర్తుంటే మరునాటికి మరిచిపోతోందని రాశారు. చెక్క పూసలు, కడ్డీలు ఉన్న పెట్టె ఒకటి కొందామనుకుంటున్నారు గానీ, వస్తువులతో నేర్పితే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక అదంతా బొమ్మల వ్యాపారమేనా అన్నది మీ సందేహం. నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో ఎక్కువ కాలం ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినదే. ప్రయోజనం తప్పకుండా ఉంటుంది, కానీ పెట్టె ఇప్పుడే కొనకండి. ప్రస్తుతానికి మీకు కావలసినవి ఒక కొత్త కొబ్బరి ఈనెల చీపురు, గుప్పెడు రబ్బరు బ్యాండ్లు, ఒక పలక.

ముందు ఆ 35 సంగతి చూద్దాం. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. ఒకట్ల వరుసలో పైన 2, కింద 7 కనబడగానే "పెద్దదానిలోంచి చిన్నది తీసెయ్యాలి" అని తనకు తెలిసిన నియమం ప్రకారం ఏడులోంచి రెండు తీసి 5 రాసింది, పదుల వరుసలో అయిదులోంచి రెండు తీసి 3 రాసింది. ఆమె దృష్టిలో అక్కడ ఉన్నది ఒక లెక్క కాదు, పక్కపక్కన నిలబెట్టిన రెండు చిన్న లెక్కలు. 52 అనేది యాభై రెండు వస్తువుల గుంపు అని, అందులో 5 అంటే అయిదు పదులు అని ఆమెకు ఇంకా పట్టుబడలేదు. దీన్ని సరిచెయ్యకుండా అప్పు తెచ్చుకునే సూత్రాన్ని పదిసార్లు వల్లె వేయించినా, అది వట్టి మాటగానే మిగిలి మరునాటికి చెరిగిపోతుంది.

ఈ విషయంలో తెలుగు మనకు చేసే సాయం తక్కువేమీ కాదు. "యాభై రెండు", "ఇరవై ఏడు" అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరువాత విడివిడిగా చెవిన పడతాయి. పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే మాటలు అతుక్కుని ఉంటాయి. హిందీ పిల్లవాడికి "బావన్" అన్న మాటలో రెండూ, యాభయ్యీ కరిగిపోయి కనబడతాయి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే మన పిల్లలు థర్టీన్‌కూ థర్టీకీ తేడా వినబడక 13 రాయవలసిన చోట 30 రాయడం నేను ఏటా చూశాను. మీ అమ్మాయి ఏ మాధ్యమంలో చదువుతున్నా ఇంట్లో పుల్లలు లెక్కపెట్టేటప్పుడు తెలుగులోనే లెక్కపెట్టించండి.

ఇక నా అనుభవం. 1990ల చివర జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డి.పి.ఇ.పి.) నడుస్తున్న రోజుల్లో బోధనోపకరణాల తయారీకి ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. శిక్షణలో చూపించిన విధంగా ఒకరాత్రి ఇంట్లో కూర్చుని, రెండు చీపుళ్ళ ఈనెలను జానెడు పొడవున కత్తిరించి, పదేసి చొప్పున నలభై కట్టలు కట్టి, రంగు దారాలతో ముడివేసి, ఎంతో ముచ్చటపడి మరునాడు బడికి తీసుకువెళ్ళాను. మూడో తరగతి పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి ఇదే రకం తీసివేత ఇచ్చాను. ఒక అమ్మాయి అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకుంది. రెండు కట్టలు చకచకా పక్కకు జరిపింది. ఏడు విడి పుల్లలు తియ్యవలసి వచ్చేసరికి ఆ రెండు పుల్లలూ తీసి చేతిలో పట్టుకుని, ఒక కట్ట మీద వేలు పెట్టి దారం ముడిని నిమురుతూ అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఇది మీరు కట్టింది గదా టీచర్, నేను విప్పితే పాడైపోదా?" అంది.

నలభై కట్టలూ నేనే కట్టడంలో జరిగిన పొరపాటు ఆ ఒక్క మాటతో నాకు తెలిసివచ్చింది. ఆ పిల్లకు అది పది పుల్లలు కాదు, కట్ట అనే ఒక వస్తువు, అందులోనూ టీచరు వస్తువు. పది ఒకట్లు చేరి ఒక పది అయిన సంగతి నా చేతులకు తెలుసు, తన చేతులకు తెలియదు. లోపల పది ఉన్నాయని నమ్మకం లేనప్పుడు దాన్ని విప్పి ఏడు తీసుకోవచ్చన్న ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజు అన్ని కట్టలూ విప్పించి, పుల్లలన్నీ నేల మీద కుప్పగా పోయించి, వాళ్ళ చేతనే లెక్కపెట్టించి మళ్ళీ కట్టించాను. కొందరు తొమ్మిదికే కట్టారు, కొందరు పదకొండుకు కట్టారు, పక్కవాళ్ళు పట్టుకుని తగవు పెట్టుకున్నారు. పాఠం రెండు రోజులు వెనకబడింది. తరువాత మరి ఏ సంవత్సరమూ కట్టలు నేను కట్టలేదు.

కాబట్టి మీరు మొదటి వారం తీసివేత జోలికే వెళ్ళకండి. ఒక గ్లాసులో రోజుకొక పుల్ల వేయించే అలవాటు పెట్టండి: బడికి వెళ్ళిన ప్రతిరోజుకూ ఒక పుల్ల, పదోరోజున ఒక కట్ట, పది కట్టలయ్యాక అన్నీ కలిపి ఒక పెద్ద కట్ట. మా బడిలో ఇది హాజరు పిలవగానే జరిగే పనిగా ఉండేది. తొంభైతొమ్మిదో రోజు తరువాత చిన్న కట్టలన్నీ చేరి వందకట్ట అయ్యే రోజు కోసం పిల్లలు పండుగలా ఎదురుచూసేవారు. దీనితోపాటు రోజూ ఒక పావుగంట, గుప్పెడు పుల్లలు తీసి ఎన్ని ఉంటాయో ముందు ఊహించి, తరువాత పదేసి కట్టి చూడమనండి. ఊహకూ లెక్కకూ దూరం తగ్గుతూ ఉండటం మీరే గమనిస్తారు.

ఆ తరువాత తీసివేతకు రండి. ఇక్కడ పుల్లల పక్కనే పలక ఉండాలి. పుల్లలతో ఆడించి, ఆట అయ్యాక వాటిని లోపల పెట్టి, పలక మీద వేరే పాఠంగా లెక్క చెప్పడం చాలామంది చేసే పని. అలా చేస్తే పుల్లలు వేరే లోకం, అంకెలు వేరే లోకం అయిపోతాయి. చేతితో ఒక పని చెయ్యగానే ఆ పనిని అప్పుడే పలక మీద రాయించాలి. అయిదు కట్టలు, రెండు విడివి పెట్టగానే 52 రాయాలి. ఏడు తియ్యడానికి రెండే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట విప్పగానే 5ను కొట్టేసి పైన 4, 2ను కొట్టేసి పైన 12 రాయాలి. అక్కడ ఒక్క నిమిషం ఆపి, "ఇప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. చాలామంది పిల్లలు తగ్గాయనో పెరిగాయనో అంటారు. లెక్కపెట్టుకోనివ్వండి. నాలుగు కట్టలు, పన్నెండు విడివి కలిపి మళ్ళీ యాభై రెండే వచ్చినప్పుడు వాళ్ళ ముఖంలో కనబడే ఆశ్చర్యం కోసమే ఈ ఏర్పాటంతా. ఆ తరువాత ఏడు విడివి తీసి 5, రెండు కట్టలు తీసి 2 రాయడం ఎవరూ చెప్పనక్కరలేదు.

"అప్పు" అన్న మాట మాత్రం వాడకండి. మా తరగతిలో ఒక కుర్రవాడు, వాళ్ళ నాన్న అప్పుల బాధ ఇంట్లో రోజూ వింటున్నవాడు కాబోలు, "ఈ అప్పు మళ్ళీ ఎప్పుడు తీర్చాలి టీచర్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అక్కడ అప్పు లేనేలేదు, ఎవరి సొత్తో తెచ్చుకున్నదీ లేదు. కట్ట విప్పుతున్నాం, అంతే. అప్పటి నుంచి కూడికలో "కట్టడం", తీసివేతలో "విప్పడం" అన్న రెండు మాటలతోనే సరిపెట్టుకున్నాను. కూడికలో "చేతిలో ఒకటి" అనే మాట గురించి కూడా నాకు ఇదే అభ్యంతరం ఉంది. చేతిలో ఉన్నది ఒకటి కాదు, ఒక పది.

మీరు అడిగిన పెట్టె విషయానికి వస్తే, ఏ వస్తువు ముందు, ఏది తరువాత అన్నది అది ఎంత మంచిదన్న దానికంటే ముఖ్యం. పుల్లల కట్టలో పది కంటికి కనబడుతుంది, చేతితో విడగొట్టవచ్చు. మాంటిస్సోరి పద్ధతిలోని బంగారు రంగు పూసల్లో పది పూసలు తీగకు గుచ్చి ఉంటాయి. పది కనబడుతుంది, లెక్కపెట్టవచ్చు, కానీ విడదీయలేం, ఒక తీగ ఇచ్చి పది విడిపూసలు మార్చుకోవాలి. ఇది పుల్లలకంటే ఒక మెట్టు పైది. ఆ పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, ప్రపంచ యుద్ధం కారణంగా 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు కాబట్టి ఈ పూసలు మనకు కొత్తవేమీ కావు. ఇక పది రూపాయల నోటులో పది రూపాయి నాణేలు కనబడవు. అది పది అని మనం ఒప్పుకున్నాం గనుక పది. డబ్బుతో లెక్కలు నేర్పడం మంచిదే గానీ, కట్టడం విప్పడం చేతికి బాగా అలవాటైన తరువాతే అది పనికివస్తుంది. ఈ వరుస తలకిందులు చేసి, మొదటిరోజే నోట్లూ నాణేలూ ఇచ్చి, "వస్తువులతో చెప్పినా రాలేదు" అని వాపోయేవారు చాలామంది ఉన్నారు.

బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్యూజినేర్ పేరుతో ప్రసిద్ధమైన రంగు కడ్డీల గురించి కూడా ఒక మాట. ఒకటి తెలుపు, రెండు ఎరుపు, అయిదు పసుపు, పది నారింజ అని పొడవుకొక రంగు ఉంటుంది, గీతలు ఉండవు. నారింజ కడ్డీ పక్కన ఏ రెండు కడ్డీలు కలిపి పెడితే సమానమవుతాయో వెతకడానికి, "ఎంత ఎక్కువ, ఎంత తక్కువ" అన్న పోలికకు అవి చాలా బాగా పనిచేస్తాయి. కానీ స్థానవిలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువ, నేర్పడానికి నేను వాడితే కొందరు పిల్లలు పది అన్న ఆలోచన వదిలేసి "నారింజ" అన్న మాట పట్టుకున్నారు. మరో సంవత్సరం ప్లాస్టిక్ ఏనుగులు, గుర్రాలు తెచ్చాను. అవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు, యుద్ధం మాత్రం బాగా జరిగింది. వస్తువు ఎంత అందంగా ఉంటే పిల్లవాడి చూపు అంతగా ఆ వస్తువు దగ్గరే ఆగిపోతుంది, అది సూచించే సంఖ్య దాకా పోదు. చీపురుపుల్లకున్న గొప్పతనం దాని వైపు రెండోసారి చూడబుద్ధి కాకపోవడమే.

గుణకారానికి మా బడిలో దొరికిన మంచి ఉపకరణం మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్ల అట్ట. వరుసకు అయిదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం 30 గుంటలు. ఒకవైపు నుంచి చూస్తే ఆరు అయిదులు, అట్టను తిప్పి పెడితే అయిదు ఆరులు. గుంట ఒక్కటి కూడా పెరగలేదు, తగ్గలేదు. 6×5, 5×6 ఒకటే అని నల్లబల్ల మీద రాసి ఒప్పించడంకన్నా ఇది తేలిక. దీన్నే రెండేసి వరుసల చొప్పున కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. ఒక ముక్కలో ఎనిమిది చింతగింజలు వేసి, మరో అయిదు ఇచ్చి కూడమంటే, పిల్లలు ఖాళీగా ఉన్న రెండు గుంటలూ ముందు నింపి, మిగిలిన మూడింటినీ బయట పెట్టి "పదీ మూడూ, పదమూడు" అంటారు. వేళ్ళ మీద ఒక్కొక్కటే లెక్కపెట్టే అలవాటు నుంచి పిల్లలు బయటపడటానికి నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు. వేళ్ళ మీద లెక్కపెడుతున్నందుకు మాత్రం ఎప్పుడూ కోప్పడకండి. అవి దేవుడిచ్చిన ఉపకరణాలు, అవసరం తీరాక వాటంతట అవే ముడుచుకుంటాయి.

భిన్నాలు మీ అమ్మాయికి ఇప్పుడు కాకపోయినా వచ్చే ఏడాది తప్పవు కాబట్టి నా తప్పు ఒకటి చెప్పి వదిలేస్తాను. కాగితం పట్టీలు మడిచి సగం, పావు చూపిద్దామని పాత నోటుపుస్తకాల కాగితాలు చేతికి వచ్చినట్టు చింపి పంచాను. ఒక పిల్లవాడు తన పావు ముక్కను పక్కవాడి సగం ముక్క పక్కన పెట్టి, పావే పెద్దదని అందరి ముందూ నిరూపించాడు. వాడి పట్టీ పొడుగ్గా ఉంది మరి! మొత్తం ఒకటే అయినప్పుడే భాగాలను పోల్చగలమన్న సంగతి నేను చెప్పకుండానే వాడు తేల్చేశాడు. అప్పటి నుంచి పట్టీలన్నీ ఒకే కొలతకు కత్తిరించేదాన్ని. అలాంటి పట్టీని నాలుగుసార్లు సగానికి మడిచి విప్పితే పదహారు భాగాలు వస్తాయి. అందులో ఒక భాగమే మన పెద్దలు లెక్కల్లో వాడిన వీసం అని చెబితే పిల్లలు ఆ మాటను వారం రోజులు వదలరు.

వస్తువులు ఉన్నంత మాత్రాన జరిగేదేమీ లేదనడానికి నేనే సాక్షిని. ప్రాథమిక బడులకు కనీస సదుపాయాలు కల్పించే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే ప్రభుత్వ పథకం కింద బడులకు గణిత పెట్టెలు వచ్చాయి. నేను బదిలీ మీద వెళ్ళిన ఒక బడిలో ఆ పెట్టె బీరువా పైన ఎక్కి కూర్చుని ఉంది. ఒక్క పూస పోయినా స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పాలన్న భయంతో అక్కడి పెద్దలు దాన్ని పిల్లల చేతికి ఇవ్వనే లేదు. తనిఖీ రోజున మాత్రం తుడిచి బల్ల మీద పెట్టేవారు. మీరు రెండు మూడు వేలు పోసి కొన్న పెట్టెకు కూడా ఇంట్లో అదే గతి పట్టవచ్చు. "జాగ్రత్త, పారేస్తావు" అని ఒకసారి అన్నారంటే చాలు, అమ్మాయి దాన్ని ముట్టుకోవడం మానేస్తుంది.

ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే గింజలూ పూసలూ వాళ్ళకు అందకుండా చూసుకోండి. ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు. గురివింద గింజలు చూడటానికి ఎంత బాగున్నా వాడకండి, అవి విషం. ఈనెల కొనలు గుచ్చుకోకుండా రెండువైపులా కత్తిరించండి.

ఈ పుల్లలు ఎంతకాలం అన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ అడగవలసినదే. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చేతితో చెయ్యడం, బొమ్మగా చూడటం, గుర్తులతో రాయడం అని మూడు అంచెలు చెప్పారు. 1980లలో సింగపూర్ తమ గణిత బోధనను ఇదే వరుసలో మలచుకుంది. నా తరగతిలో నడిమి అంచె చాలా సాదాగా ఉండేది: కట్టకు నిలువుగీత, విడి పుల్లకు చుక్క. అయిదు గీతలు, రెండు చుక్కలు వేసి, ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడమే కట్ట విప్పడం. ఎప్పుడు పుల్లలు వదిలి గీతలకు రావాలో పిల్లలే చెబుతారు. కట్ట చేతిలోకి తీసుకుని, విప్పకుండానే "ఇందులోంచి ఏడు పోతే మూడు, ఆ రెండూ కలిపితే అయిదు" అన్నారంటే పుల్లలతో పని అయిపోయినట్టే. అంతకుముందు లాక్కుంటే పాత 35 మళ్ళీ వస్తుంది. ఆ తరువాత కూడా బలవంతంగా పుల్లలే పట్టుకోమంటే విసుగు పుడుతుంది, నిజానికి అది వాళ్ళను కించపరచడమే.

మళ్ళీ ఒక్కసారి మాత్రం పుల్లలు బయటికి తియ్యవలసి వస్తుంది, 402లోంచి 158 తీసివేసే రోజున. విడివి రెండే ఉన్నాయి, విప్పుదామంటే పదికట్ట ఒక్కటి కూడా లేదు. నేను పైన చెప్పిన అమ్మాయి ఆ లెక్క దగ్గర కాసేపు ఆలోచించి, ఈసారి నన్ను అడగకుండానే వందకట్ట విప్పింది; పది చిన్న కట్టలు బయటపడ్డాయి; అందులో ఒకటి విప్పి, పలక మీద 3, 9, 12 అని రాసుకుంది. సున్న మీద తొమ్మిది ఎలా వచ్చిందని పక్కవాడు అడిగితే, రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుని "పదిలో ఒకటి విప్పేశాను గదా" అని చెప్పి 244 వేసింది.

మీ అమ్మాయి అక్కడిదాకా వచ్చాక ఆ పూసల పెట్టె కొనాలనిపిస్తే కొనండి. అందులో వెయ్యి పూసల ఘనం ఉందో లేదో చూసి కొనండి, ఎందుకంటే వెయ్యి పుల్లలు కట్టడానికి ఇంట్లో అన్ని చీపుళ్ళు ఉండవు.